అమెరికాలో పాత రివాల్వర్ కొనేముందు: పూత ఎలా చూడాలి, ఎంత ఇవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళలో షూటింగ్ రేంజ్‌కి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటికి) వెళ్ళడం అలవాటైనవాళ్ళు కొన్నాళ్ళకు పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ మీదో, కోల్ట్ రివాల్వర్ మీదో మనసు పడతారు. అప్పుడు ఫొటో పంపి "ఇంతకి ఇస్తానంటున్నాడు, కొనొచ్చా?" అని అడుగుతారు. మోడల్ మారుతుంది కానీ సందేహాలు మాత్రం మళ్ళీ మళ్ళీ అవే వస్తుంటాయి. అందుకే వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## షాపుకి వెళ్ళకముందు

నేను హెచ్-1బి మీద ఉన్నాను. అసలు కొనొచ్చా?

మామూలుగా అయితే కొనకూడదు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 అన్నీ దీని కిందికే వస్తాయి. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. కానీ ఇమిగ్రేషన్ ఫైలు నడుస్తున్నప్పుడు లాయర్‌ని అడగకుండా ఆ దారి పట్టొద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు, పౌరులకు ఈ అడ్డంకి లేదు. డీలర్ దగ్గర చేతి తుపాకీ కొనాలంటే 21 ఏళ్ళు నిండి ఉండాలి. రాష్ట్రాల నిబంధనలు వీటికి అదనం. టెక్సస్‌లో కుదిరింది న్యూజెర్సీలో కుదరదు.

మా ఫ్రెండ్‌కి గ్రీన్ కార్డు ఉంది. వాడి పేరు మీద నాకోసం కొనమని అడగొచ్చా?

అడగొద్దు. డీలర్ దగ్గర నింపే 4473 ఫారంలో "ఇది నిజంగా మీకోసమే కొంటున్నారా" అనే ప్రశ్న ఉంటుంది. వేరేవాళ్ళ డబ్బుతో వాళ్ళకోసం కొంటూ "అవును" అని రాస్తే అది ఫెడరల్ నేరం. ఇద్దరూ ఇరుక్కుంటారు. స్నేహం కోసం మాట కాదనలేక ఒప్పుకునేవాళ్ళుంటారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మొదటిసారి పాతది కొంటున్నాను. ఏ మోడల్‌తో మొదలుపెడితే మంచిది?

నాలుగంగుళాల బ్యారెల్ (గొట్టం) ఉన్న స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10. ఇది .38 స్పెషల్ అనే రకం తూటా కాల్చేది. 1899లో మిలిటరీ అండ్ పోలీస్ పేరుతో మొదలైన రివాల్వర్ ఇదే. కంపెనీ 1957లో మోడల్ నంబర్లు పెట్టినప్పుడు దీనికి 10 వచ్చింది. లక్షల సంఖ్యలో తయారైంది కాబట్టి పోల్చి చూసుకోవడానికి చాలా దొరుకుతాయి. ఒకే మోడల్‌ని పదిసార్లు చేతిలో పట్టుకుని చూస్తే అసలు పూత ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటు వచ్చాకే కోల్ట్ పైథాన్ లాంటి ఖరీదైనవాటి వైపు వెళ్ళండి. పోలీసు శాఖలు వాడి తీసేసినవి కూడా మంచి బేరమే. హోల్‌స్టర్ రాపిడికి పైన అరిగి ఉంటాయి కానీ, చాలావాటిలో లోపలి భాగాలు పెద్దగా కాల్చనట్టే ఉంటాయి.

## చేతిలోకి తీసుకున్నాక: పూత

అరవై ఏళ్ళ నాటిదట, కొత్తదానిలా మెరిసిపోతోంది. ఇంకేం చూడాలి?

ఆ మెరుపు ఎక్కడిదో చూడాలి. రెండు అవకాశాలున్నాయి. సొరుగులోంచి బయటికి తీయకుండా దాచినదైనా కావాలి, పాలిష్ పట్టించి మళ్ళీ బ్లూయింగ్ (ఉక్కుకు నీలి నలుపు పూత) చేయించినదైనా కావాలి. మొదటిది అరుదు, విలువైనది. రెండోది చూడటానికి బాగున్నా సేకరించేవాళ్ళు దాన్ని పక్కన పెట్టేస్తారు. అంచులు కాస్త అరిగి, ఫ్యాక్టరీ పూత 85 శాతం మిగిలిన రివాల్వర్‌కి, తళతళలాడే రీబ్లూ (మళ్ళీ బ్లూయింగ్ చేసినది) కంటే ఎక్కువ ఇవ్వడమే న్యాయం. పాత రివాల్వర్ల ధరలో నేను నమ్మే సూత్రం ఇదొక్కటే: డబ్బు అసలు పూతకు ఇవ్వాలి, మెరుపుకు కాదు.

మళ్ళీ బ్లూయింగ్ చేశారని ఎలా కనిపెట్టాలి?

ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ఫోన్ టార్చిని ఏటవాలుగా పట్టుకున్నా సరే.

మొదట అక్షరాలు చూడండి. బ్యారెల్ మీద కంపెనీ పేరు, క్యాలిబర్ (తూటా సైజు), ఫ్రేమ్ పక్కన ఉండే గుండ్రటి ముద్ర, వీటి అంచులు పదునుగా ఉండాలి. పాలిష్ చక్రం మీద పట్టినప్పుడు లోహం పైపొర పోతుంది. దాంతో అక్షరాలు పలచబడి, ఒకవైపు లోతుగా మరోవైపు మాసిపోయినట్టు కనిపిస్తాయి. ఆ పలచబడిన అక్షరాల మీద చెక్కుచెదరని నల్లని పూత ఉందంటే అనుమానం అక్కర్లేదు, మళ్ళీ వేసినదే.

తర్వాత రంధ్రాలు. స్క్రూ రంధ్రం చుట్టూ లోహం చదునుగా ఉండాలి. చిన్న పళ్ళెంలా లోపలికి వంగి ఉంటే అది మెత్తటి పాలిష్ చక్రం చేసిన పనే. స్మిత్ అండ్ వెసన్‌లో కుడివైపు, లోపలి భాగాలను మూసే సైడ్ ప్లేట్ ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని ఎంత నేర్పుగా అమర్చారంటే కలిసిన చోటు వెంట్రుకంత గీతలా కూడా సరిగా కనిపించదు. రీబ్లూలో ఆ గీత రెండు వైపులా అంచులు గుండ్రబడి తేలిగ్గా కనిపిస్తుంది.

ఆ తర్వాత హ్యామర్ (ట్రిగ్గర్ లాగితే ముందుకు పడి తూటాను పేల్చే భాగం), ట్రిగ్గర్. బ్లూ, నికెల్ పూతల స్మిత్ అండ్ వెసన్లలో ఈ రెండింటికీ కేస్ హార్డెనింగ్ (లోహం పైపొరను గట్టిపరచడం) వల్ల వచ్చిన రంగులు ఉంటాయి. గోధుమ, నీలం, బూడిద రంగులు మబ్బుల్లా కలిసి ఉంటాయి. హ్యామర్, ట్రిగ్గర్ కూడా ఫ్రేమ్‌లాగే నల్లగా ఉంటే ఎవరో అన్నీ కలిపి తొట్టెలో ముంచారన్నమాట.

చివరగా, పూత కింద గుంటలు. తుప్పు తిన్న గుంట లోపల కూడా నున్నటి నలుపు ఉంటే, ముందు తుప్పు పట్టింది, తర్వాత పూత వేశారు. ఇందులో వేరే అర్థానికి తావు లేదు.

సిలిండర్ చుట్టూ ఒక గీత ఉంది. పాడైనట్టా?

కాదు. తూటాలు పట్టే సిలిండర్ తిరిగినప్పుడు కింద ఉండే చిన్న స్టాప్ రాసుకుని ఆ గీత పడుతుంది. కొన్నిసార్లు తిప్పినా చాలు. సన్నగా, సమంగా ఉంటే దానికోసం ధర తగ్గించమని అడగక్కర్లేదు. అది లోతైన కాలువలా తగులుతుంటేనో, సిలిండర్ గాట్ల అంచులు నలిగిపోయి ఉంటేనో మాత్రం బాగా మొరటుగా వాడారని అర్థం.

గోధుమ రంగు మచ్చలు ఉన్నాయి. అది తుప్పేనా? పోతుందా?

గోటితో రాసి చూడండి. నున్నగా ఉంటే పూత పలచబడి లోహం గోధుమ రంగుకు తిరిగిందని, దాన్నే పాటినా అంటారు. అది వయసు లక్షణం, అలాగే వదిలేయండి. గరుకుగా తగిలితే పై తుప్పు. కాస్త నూనె, మెత్తటి గుడ్డతో ఓపికగా తుడిస్తే చాలావరకు పోతుంది. గోరు దిగబడితే గుంట. అది పోదు. పోగొట్టాలంటే చుట్టూ ఉన్న లోహాన్నంతా అరగదీయాలి, దాంతో అసలు పూత కూడా పోతుంది. అమ్మే అతను "కొంచెం స్టీల్ ఊల్ పెడితే పోతుంది" అంటే, మరి మీరే ఎందుకు పెట్టలేదని మర్యాదగా అడగండి.

"90 శాతం ఫినిష్" అంటారు. ఆ లెక్క ఎవరిది?

అసలు ఫ్యాక్టరీ పూత ఎంత విస్తీర్ణంలో మిగిలిందో కంటితో వేసే అంచనా అది. బ్యారెల్ మూతి అంచుల్లో, సిలిండర్ ముందు అంచుల్లో మాత్రమే తెల్లబడితే 95 దగ్గర. గ్రిప్ (పిడి) వెనక పట్టీ, ట్రిగ్గర్ గార్డు కూడా పలచబడితే 80, 85. బ్యారెల్ పక్కలు బూడిద రంగుకు వస్తే 60, ఇంకా కింద. మళ్ళీ పూత వేసినదానికి ఈ శాతాలు వర్తించవు. "98 శాతం, రీబ్లూ" అని రాస్తే అందులో మీకు పనికొచ్చే మాట రెండోదే. అమ్మేవాళ్ళ అంచనా సాధారణంగా పది శాతం ఎక్కువే ఉంటుందనుకుని చూడండి.

నికెల్ పూత అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

నికెల్‌కి కొద్దిగా పసుపు ఛాయ ఉంటుంది, క్రోమ్ నీలం వైపు చల్లగా మెరుస్తుంది. పాత రివాల్వర్ క్రోమ్‌లా మెరుస్తుంటే తర్వాత వేయించిందే. స్మిత్ అండ్ వెసన్ నికెల్ రివాల్వర్లలో హ్యామర్, ట్రిగ్గర్ మీద నికెల్ ఉండదు. అవి కూడా వెండిలా మెరుస్తుంటే బయట పూత వేయించారు. అంచుల్లో పొరలు లేచాయేమో కూడా చూడండి. ఒకసారి లేవడం మొదలైతే ఆగదు, ధరలో అది లెక్కలోకి రావాలి.

కంపెనీకే పంపి మళ్ళీ పూత వేయించారట. అప్పుడైనా అసలు దానితో సమానమేనా?

సమానం కాదు, కానీ బయట చేయించినదానికంటే మేలు. అక్షరాలు, అంచులు పాడవకుండా చేసి ఉంటారు. స్మిత్ అండ్ వెసన్ తిరిగొచ్చినవాటి మీద గుర్తులు వేసేది: సీరియల్ నంబర్ పక్కన చిన్న నక్షత్రం, గ్రిప్ తీస్తే ఫ్రేమ్ మీద ఆర్-ఎస్ అనే అక్షరాలు, కొన్నిసార్లు నెల, సంవత్సరం. ఆర్-ఎస్ అంటే మామూలు బ్లూ మళ్ళీ వేశామని. ఈ గుర్తులు లేకుండా "ఫ్యాక్టరీ రీబ్లూ" అంటే అది ఉత్త మాటే.

అక్కడక్కడ మాత్రమే రంగు తేడాగా ఉంది. ఏం చేసి ఉంటారు?

కోల్డ్ బ్లూ పూసి ఉంటారు. చిన్న సీసాలో దొరికే ద్రవం అది. గీత పడిన చోట అద్దితే నల్లబడుతుంది. ఎండలో చూస్తే చుట్టూ ఉన్న నీలిమ కంటే బూడిద రంగులోనో, మసకగానో తేలిపోతుంది. వాసన కూడా పట్టిస్తుంది. మూతి దగ్గర చిన్న అద్దకం పెద్ద నేరం కాదు. కానీ సీరియల్ నంబర్ చుట్టూ కనిపిస్తే కొనొద్దు. నంబర్ చెరిపిన, మార్చిన తుపాకీ దగ్గర ఉండటమే నేరం.

రెండో ప్రపంచ యుద్ధం నాటి స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్ దొరికింది. పూత మసకగా ఉంది, బ్లూయింగ్ చేయించనా?

దయచేసి చేయించొద్దు. 1942 నుంచి 1945 దాకా యుద్ధం కోసం చేసిన ఈ రివాల్వర్లకు సీరియల్ నంబర్ ముందు 'వి' అనే అక్షరం ఉంటుంది. వాటికి వేసింది మెరిసే బ్లూ కాదు, మసక నలుపు ఫాస్ఫేట్ పూత. ఆ మసకే దాని అసలు రూపం. మెరుస్తున్న విక్టరీ మోడల్ కనిపించిందంటే ఎవరో దాని చరిత్రను పాలిష్ పట్టి తుడిచేశారని అర్థం.

ఇంకో ముఖ్యమైన సంగతి. బ్రిటన్‌కి పంపినవి .38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాకి చేసినవి. యుద్ధం తర్వాత వాటిలో చాలావాటి ఛాంబర్లను (సిలిండర్‌లో తూటాలు కూర్చునే రంధ్రాలను) .38 స్పెషల్ పట్టేలా లోపల పొడిగించి అమ్మారు. ఆ పాత తూటా కాస్త లావు కాబట్టి, .38 స్పెషల్ పేల్చినప్పుడు ఖాళీ తొడుగు కింది భాగం ఉబ్బుతుంది, కొన్నిసార్లు చీలుతుంది కూడా. బ్రిటిష్ ప్రూఫ్ ముద్రలు (తుపాకీని పరీక్షించినట్టు వేసే గుర్తులు) కనిపిస్తే ఛాంబర్ కొలిపించకుండా కొనకండి.

## లోపలి పని

షాపులో నిలబడి ఏమేం పరీక్షించవచ్చు?

ముందు సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. ట్రిగ్గర్ లాగడానికి అనుమతి అడగండి. సిలిండర్‌ను మణికట్టు విదిలించి మూయొద్దు, దాన్ని పట్టుకునే క్రేన్ వంగిపోతుంది. అలా మూసి చూపించే అమ్మకందారు దగ్గర రెండింతలు జాగ్రత్తగా ఉండండి.

హ్యామర్‌ని బొటనవేలితో చాలా మెల్లగా వెనక్కి లాగండి, సిలిండర్ మీద వేలితో కాస్త ఒత్తిడి పెట్టండి. హ్యామర్ వెనక్కి చేరి ఆగేలోపే సిలిండర్ టిక్కున బిగుసుకోవాలి. ఆరు ఛాంబర్లకూ విడివిడిగా చూడండి, ఒకటి వెనకబడినా మరమ్మతు ఖర్చే. హ్యామర్ పూర్తిగా వెనక ఉన్నప్పుడు దాన్ని వెనక నుంచి ముందుకు బొటనవేలితో నొక్కితే జారి పడకూడదు. పడితే ఎవరో ట్రిగ్గర్ తేలిక చేద్దామని లోపల అరగదీశారు. అది ప్రమాదకరం.

సిలిండర్‌కి, బ్యారెల్‌కి మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచని రేకులతో) కొలవండి. అంగుళంలో 4 నుంచి 6 వెయ్యోవంతులు ఉంటే చాలా బాగు, 8 దాకా పర్వాలేదు. 10 దాటితే ధర గట్టిగా తగ్గాలి. చివరగా బ్యారెల్ లోపలికి వెలుతురు పంపి చూడండి. నల్లటి ఉంగరంలాంటి నీడ కనిపిస్తే ఎప్పుడో తూటా ఇరుక్కుని బ్యారెల్ ఉబ్బింది. పూత ఎంత బాగున్నా అది కొనదగ్గది కాదు.

మోడల్ 19లో పగుళ్ళు వస్తాయంటారు, నిజమేనా?

నిజమే, కానీ అన్నిటికీ కాదు. బ్యారెల్ వెనక కొన, అంటే తూటా మొదట ప్రవేశించే ఫోర్సింగ్ కోన్, ఈ మోడల్‌లో కింది వైపు క్రేన్‌కి చోటు కోసం చదునుగా కోసి ఉంటుంది. అక్కడ లోహం పలచన. తేలికైన, వేగంగా వెళ్ళే 125 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) .357 మాగ్నమ్ తూటాలు ఎక్కువగా వాడితే పగులు అక్కడే మొదలవుతుంది. సిలిండర్ తెరిచి, ఆ చోటు శుభ్రంగా తుడిచి, భూతద్దంతో చూడండి. మసి పేరుకుని ఉంటే తుడవనివ్వమని అడగండి. సరిపోయే పాత బ్యారెల్ దొరకడం కష్టం కాబట్టి పగులు ఉంటే ఆ రివాల్వర్ విలువ విడిభాగాల విలువే.

## ధర

ట్యాగ్ మీద రాసిన ధర సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

అడుగుతున్న ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. ఆన్‌లైన్ వేలం సైట్లలో ముగిసిన వేలాలను విడిగా వెతకొచ్చు. అదే మోడల్, అదే డాష్ నంబర్ (మోడల్ నంబర్ తర్వాత గీత పెట్టి రాసే అంకె), అదే బ్యారెల్ పొడవు, అదే రకం పూత ఉన్నవాటిని గత కొన్ని నెలల్లోవి ఎనిమిదో పదో తీసుకోండి. అన్నిటికంటే ఎక్కువదీ, తక్కువదీ వదిలేసి మధ్యలో ఉన్నవాటిని నమ్మండి. డాష్ నంబర్ సిలిండర్ తెరిస్తే ఫ్రేమ్ మీద క్రేన్ కూర్చునే చోట ఉంటుంది, 10-5, 19-3 అన్నట్టు.

రీబ్లూ అని తేలితే ఎంత తగ్గించమనాలి?

సేకరణ విలువ ఉన్న మోడల్ అయితే అసలు పూత ఉన్నదానికి వచ్చే ధరలో సగం దగ్గర నుంచి బేరం మొదలుపెడతాను. కేవలం కాల్చుకోవడానికి కొనే మామూలు మోడల్ 10 అయితే మూడో వంతు తగ్గితే చాలు. ఉదాహరణకి, లెక్క కోసం, అసలు పూత 90 శాతం ఉన్నది 600 డాలర్లకు అమ్ముడవుతోందనుకుందాం. అదే రీబ్లూ అయితే 400. గ్రిప్స్ కూడా మార్చి రబ్బరువి పెట్టి ఉంటే ఇంకో 50 తీసేయండి. సిలిండర్ టైమింగ్ (అది బిగుసుకునే సమయం) కాస్త వెనకబడి ఉంటే మరమ్మతుకు అయ్యే ఖర్చు కూడా తీసేయాలి. ఆ మొత్తాన్ని కాగితం మీద రాసి చూపిస్తే వాదన ఉండదు. "చాలా ఎక్కువ" అనే మాటకంటే "ఇక్కడ అక్షరాలు అరిగాయి చూడండి" అనే మాటకు డీలర్ దిగొస్తాడు.

"పిన్డ్ అండ్ రిసెస్డ్" అని ఎక్కువ అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

ఆ రెండూ నిజంగా ఉంటే కొంచెం ఎక్కువ ఇవ్వొచ్చు. పాత స్మిత్ అండ్ వెసన్లలో బ్యారెల్ కదలకుండా ఫ్రేమ్‌లోంచి అడ్డంగా చిన్న పిన్ను కొట్టేవారు. మాగ్నమ్, .22 మోడళ్ళలో తూటా అంచు లోపలికి కూర్చునేలా సిలిండర్ వెనక భాగం చెక్కేవారు. 1982 ప్రాంతంలో ఈ పద్ధతులు ఆపేశారు. ఒక .38 స్పెషల్ మోడల్ 10ని చూపించి "రిసెస్డ్" అంటే మాత్రం నమ్మకండి, .38 స్పెషల్‌కి ఆ చెక్కుడు ఉండేది కాదు. 2001 నుంచి ఎడమవైపు తాళంచెవి రంధ్రం వచ్చింది. అది లేని పాతవాటికి గిరాకీ ఎక్కువ.

గ్రిప్స్, పెట్టె ఉంటే ఎంత తేడా వస్తుంది?

అసలు చెక్క గ్రిప్స్‌కి మంచి విలువ ఉంది. స్క్రూ చుట్టూ వజ్రం ఆకారం ఉన్నవి 1968 దాకా వచ్చినవి. 1975 నాటి రివాల్వర్‌కి అవి ఉంటే ఎవరో తర్వాత పెట్టారని అర్థం. పాత వాటిలో కుడివైపు గ్రిప్ లోపల సీరియల్ నంబర్ ఉంటుంది, సరిపోయిందో లేదో చూడండి. పెట్టె విషయంలోనూ అంతే, దాని మీది నంబర్ రివాల్వర్ నంబర్ ఒకటే అయితేనే డబ్బు. ఖాళీ పాత పెట్టెలు విడిగా అమ్ముడవుతాయి.

నికెల్‌ది ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిందంటున్నాడు. రుజువు ఉంటుందా?

ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ రుసుము తీసుకుని లేఖ ఇస్తుంది. కోల్ట్‌కీ అలాంటి ఆర్కైవ్ సేవ ఉంది. ఏ రోజు, ఎవరికి, ఏ పూతతో, ఎంత బ్యారెల్‌తో పంపారో రికార్డుల్లో దొరికినంత మేరకు రాస్తారు. 500 డాలర్ల రివాల్వర్‌కి ఇది అనవసరం. వేలల్లో అడుగుతుంటే మాత్రం లేఖ లేకుండా అసలు నికెల్ ధర ఇవ్వకండి.

ఫ్రేమ్ మీద పాత ఓనర్ ఏవో అంకెలు గీసి ఉన్నాయి. పోగొట్టొచ్చా?

1970లలో దొంగతనాల భయంతో చాలామంది సోషల్ సెక్యూరిటీ నంబర్లను కరెంటు పెన్నుతో గీయించుకున్నారు. ధర తగ్గుతుంది, కానీ అరగదీస్తే ఇంకా తగ్గుతుంది. అలాగే ఉంచి తక్కువకి కొనండి. బ్యారెల్ మీద సన్నని అక్షరాల్లో దిగుమతిదారు పేరు, ఊరు ఉంటే అది విదేశాలకు వెళ్ళి తిరిగొచ్చిన రివాల్వర్. దానికీ కొంత తగ్గాలి.

ఆన్‌లైన్ వేలంలో చవగ్గా కనిపిస్తోంది. పాడేయనా?

గెలిచిన పాట మీద ఇంకా ఏమేం కలుస్తాయో ముందు కూడుకోండి: వేలం సంస్థ కమిషన్, కార్డు రుసుము, పన్ను, షిప్పింగ్, మీ ఊరి డీలర్ తీసుకునే ట్రాన్స్‌ఫర్ ఫీజు. వేరే రాష్ట్రం నుంచి వస్తే అది మీ రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే మీ చేతికి రావాలి. సిలిండర్ తెరిచి, గ్రిప్స్ తీసి, మూతి వైపు నుంచి, సైడ్ ప్లేట్ దగ్గరగా, పగటి వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. మూడు రోజుల పరిశీలన గడువు ఇచ్చే అమ్మకందారుకి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

## కొన్నాక

పూత పాడవకుండా ఎలా ఉంచాలి?

లెదర్ హోల్‌స్టర్‌లో పెట్టి దాచొద్దు. లెదర్ తేమ పీల్చుకుంటుంది, నెలల్లో చుక్కలు చుక్కలుగా తుప్పు వస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవండి, చెమటలో ఉప్పు ఉంటుంది. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్ళలో సేఫ్‌లో తేమ పీల్చే సంచి పెట్టండి. హ్యామర్, ట్రిగ్గర్ మీది కేస్ రంగులకు మెటల్ పాలిష్ అస్సలు తగలనివ్వొద్దు, రుద్దితే పోతాయి. నికెల్ మీద అమ్మోనియా ఉన్న ద్రవాలు వాడొద్దు. పొర ఎక్కడైనా తెగి ఉంటే కింద రాగి ఉన్నచోట అవి లోపలికి దిగి పూతను లేపేస్తాయి.

ఇండియా వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళొచ్చా? నాన్నగారికి చూపిద్దామని.

వద్దు. భారత ఆయుధ చట్టం 1959 కింద లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర ఉండటమే నేరం. ఫొటోలు చూపించండి. ఇంకో మాట, రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగును ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికినా కేసు పెట్టే అవకాశం ఉంది. రేంజ్ బ్యాగు విడిగా ఉంచండి, ప్రయాణానికి వేరే బ్యాగు కొనుక్కోండి.